మరిది వైపు తిరిగిన మెడ

“రోజీ, ఓ రోజీ, గంజి పొంగుతాంది, కండ్లు యాడ వెట్టినవ్?”

వాకిట్లోంచి అత్త ఎలీషమ్మ కేకేసింది. రోజీ గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. తిరిగింది ఒళ్లే, మొహం గుమ్మం వైపే ఉండిపోయింది. గుమ్మంలో మరిది గిడియోన్ బూట్లు తొడుక్కుంటున్నాడు. మెడ వెనక ఎవరో చువ్వ దింపినట్టయింది. ఆ పోటు నడినెత్తి మీదుగా పాకి కుడికంట్లో కూర్చుంది.

గిడియోన్ బండెక్కి వీధి మలుపు తిరిగాడు. గోడ అడ్డున్నా రోజీ మొహం అతని వెంటే తిరిగింది.

“మెడ పట్టిందా?” అంటూ ఎలీషమ్మ లోపలికొచ్చి పొయ్యి తగ్గించింది. “వానితోని ఏం దాస్తున్నవ్?”

మేడ్చల్‌లో ఆ వీధివాళ్లకు ఇది కొత్త కాదు. ఎవరి దగ్గర మాట దాస్తే మెడ వాళ్ల వైపే తిరుగుతుంది. పోయినేడు యాదయ్య మెడ పదిరోజులు భార్య వైపే ఉంటే, వచ్చినవాళ్లంతా ఆమెనే ఓదార్చి వెళ్లారు.

“నేనేం దాస్త? దిండు ఎత్తయింది, గంతే.”

“పాపం, దిండు,” అంది ఎలీషమ్మ.

రోజీ భర్త జక్కయ్య తెలివికి పోయి, మంగలి సిద్దిరాములును ఇంటికి పిలిచాడు. క్షవరం అయ్యాక మెడ టక్కున తిప్పితే మస్తు హాయిగా ఉంటుందని అతని నమ్మకం. సిద్దిరాములు ఆమె గడ్డం, నడినెత్తి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. ఒక్క ఊపిరిసేపు తేలికైంది. మరుక్షణం మెడ విసురుగా మళ్లీ గిడియోన్ ఉన్న దిక్కుకే తిరిగింది. రోజీ వాంతి చేసుకుంది.

“మెడ విరిపించిన మీ ఆయనను తన్నాలె,” అన్నాడు ఆస్పత్రిలో డాక్టర్. తన వేళ్లు ఆమెతో గట్టిగా పట్టించి చూశాడు, జ్వరం చూశాడు. “చేతుల తిమ్మిర్లు లేవు, జ్వరం లేదు. కండరం బిగుసుకుంది, తలపోటు ఆడికెల్లే వస్తాంది. వేడిగుడ్డతో కాపడం పెట్టు. దిండు పల్చగ ఉండాలె. కుట్టుమిషన్ మీద గంటలకొద్ది వంగకు. చెయ్యి తిమ్మిరెక్కినా, జ్వరమొచ్చినా జల్దీ రా. మిగిలింది నా చేతుల లేదు, నీకే ఎరుక.”

కాపడానికి పోటు కొంచెం దిగింది గానీ సాయంత్రం గిడియోన్ ఇంటికి దగ్గరవుతున్నకొద్దీ మళ్లీ లేచేది.

“ఎక్కువైందా? అయితే చిన్నోడు గండిమైసమ్మ దాటిండు, కూర వేడిజెయ్యి,” అనేది ఎలీషమ్మ.

ఆ గండిమైసమ్మ చౌరస్తాలోనే గిడియోన్ ఒకప్పుడు రోజూ బండి ఆపుకుని నిలబడేవాడు. బస్సు దిగి అశ్రిత చున్నీ సవరించుకుంటుంటే, లారీలు లేపిన దుమ్ము కూడా అతనికి బంగారు పొడిలా కనిపించేది. నర్సు చదువుకున్న పిల్ల. పెళ్లి మాట దాదాపు కుదిరింది. నెల క్రితం, రోజీ మెడ పట్టడానికి ముందు రోజే, పిల్ల తరఫువాళ్లు వద్దన్నారు. మీ ఇంటి ఆడమనిషే ఫోన్ చేసి అన్నీ చెప్పింది అన్నారు. గిడియోన్ ఇంట్లో ఆడవాళ్లు ఇద్దరే. పిల్ల ఎక్కువ చదివిందని మొదట్నుంచీ గొణిగింది తల్లే గనుక ఆమే చేసిందనుకుని, గిడియోన్ తల్లితో మాట మానేశాడు.

శనివారం సాయంత్రం అతను బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. మర్నాడు చర్చి అయ్యాక అశ్రితకు ఇంకొకరితో నిశ్చితార్థం.

“గాజులరామారంల రూం దీసుకున్న. ఇగ ఈ ఇంటికి రాను.”

“నేను జెయ్యలేదురా,” అంది ఎలీషమ్మ.

“అబద్ధాలాడకు. నువ్వు జేసినవని ఎరుకుండి వదిన దాస్తాంది. ఆమె మెడే జెప్తాంది.”

ఎలీషమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో జాలి అన్నది లేదు. “నోరు కూడా పట్టేసిందా?” అంది.

గిడియోన్ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. రోజీ కదలకుండా నిలబడాలని చూసింది. మెడ లాగింది, కళ్లు బైర్లు కమ్మాయి. అతని వెనక అడుగేస్తేనే ఊపిరి ఆడుతోంది. అలా బండి దాకా వెళ్లింది.

“గట్ల జూడకు వదినా, లోపలికి పో.”

“ఫోన్ తియ్యి. అశ్రితోళ్ల అమ్మకు కలుపు.”

“ఇంకేం మిగిలిందని?”

“కలుపు.”

అతను పళ్లు కొరుకుతూ కలిపి ఆమె చేతిలో పెట్టాడు. అవతల నుంచి “ఎవరు?” అని కటువుగా వినిపించింది. రోజీ మరిది కళ్లలోకి చూసింది. ఈసారి మెడ తిప్పితే కాదు, తనంతట తానే.

“వందనాలమ్మా. నేను గిడియోన్ వదినను, రోజీని. ఆ రోజు ఫోన్ జేసింది నేనే. మా మరిది తాగుతడని జెప్పిన గదా, అది అబద్ధం. మీ పిల్ల సదువుకున్నది, ఈ ఇంట్లకొస్తే ఇగ నన్నెవరూ లెక్కజెయ్యరని భయపడి జెప్పిన.”