గంగామణి చాట

నేను ఒక చాటను. బియ్యం చెరిగే చాటను కాదు సుమా! మేదరి లచ్చవ్వ అందుకే అల్లింది గానీ, కొనుక్కున్న గంగామణి నన్ను బీడీల చాటను చేసింది. నిజామాబాదు దగ్గరి బీడీల వాడలో పొద్దున లేస్తే ఆమె ఒళ్లోనే నా కాపురం. ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క పొగాకు, పైన ఆమె దగ్గు.

ఒకనాడు యూనివర్సిటీ పెద్దసారు పంపగా, ఆయన కింద పనిచేసే హైమావతి వచ్చింది. బీడీలు చేసే ఆడవాళ్ల మీద పరిశోధన అట. కుర్చీలో కూర్చుని ప్రశ్నలు చదివింది. వాళ్లు తల ఎత్తకుండానే "అంతా మంచిగనే ఉంది మేడం" అన్నారు. కుర్చీ ఎక్కి అడిగితే నిజం దిగివస్తుందని మనుషులకు అదేం నమ్మకమో!

గంగామణికే జాలేసింది. "ఏం బిడ్డా, చేతులూపుకుంట వస్తివి? ఉత్త చేతులోళ్లతోని ఏం ముచ్చట వెడ్తం?" అని నన్ను ఆమె ఒళ్లో పెట్టింది.

హైమావతి కింద కూర్చుని చుట్టింది. అవి బీడీలా, కడుపుతో ఉన్న బల్లులా! సాయం చేస్తున్నాననుకుని, చెప్పకుండా వాటిని గంగామణి కట్టల్లో కలిపేసింది. కార్ఖానా గుమాస్తా విప్పి చూసి అన్నీ విరిచి పారేశాడు. ఆ రోజు గంగామణి తిట్టని తిట్టు లేదు. హైమావతి మర్నాడు మళ్లీ వచ్చి, నన్ను ఒళ్లోకి తీసుకుంది. తిట్లు తిని తిరిగొచ్చిన మనిషి ముందు వాడంతా నోరు విప్పింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కార్ఖానా కార్డు గంగామణి అత్త పేరు మీద ఉంది. అత్త మంచాన పడి ఏళ్లయినా, కోడలు చుట్టినవన్నీ అత్త చుట్టినట్టే లెక్క. కాగితాల్లో గంగామణికి ఏ పనీ లేదు.

"నీ బుక్కులనన్న రాయి బిడ్డా, గంగామణి బీడీలు చేసిందని."

హైమావతి మాట ఇచ్చి, గంగామణిని అడిగి నన్నూ తీసుకుని వెళ్లింది.

హైమావతి రాసిన పేజీలు పెద్దసారు తిప్పి, "పరిశోధనలో పేర్లుండవమ్మా. మూడో నంబరు అని రాయి" అన్నాడు. "ఆమే రాయమంది సార్" అన్నా వినలేదు. పుస్తకం అచ్చయింది. పేర్లుండవన్న సారు పేరు అట్ట మీద బంగారు అక్షరాల్లో మెరిసింది. హైమావతి పేరు లోపలెక్కడో, టైపు కొట్టినాయన పక్కన.

నన్ను చంకన పెట్టుకుని, పుస్తకం పట్టుకుని మళ్లీ వాడకు పోయింది. జరిగింది విని గంగామణి దగ్గు ఆపుకుంటూ నవ్వింది. "అయితే నువ్వు గూడ అత్త కార్డు మీదనే చేస్తున్నవా బిడ్డా!"

హైమావతికి నవ్వు రాలేదు. నాకు ఒళ్లు మండింది. వెదురుబద్దను, ఏం చేయను?

ఆ తర్వాత ప్రమోషన్ అడిగినప్పుడల్లా "నీ పుస్తకం ఏదమ్మా?" అన్నారు. ఆమె జుట్టు అట్లాగే నెరిసింది.

ఆనాడే గంగామణి నన్ను హైమావతికి ఇచ్చేసింది. ఇప్పుడు నేను యూనివర్సిటీ డిపార్ట్‌మెంటు గాజు బీరువాలో ఉన్నాను. ముందర చీటీ, వచ్చినవాళ్లు పైకి చదివితే విన్నాను: "బీడీ చాట. సేకరించినవారు..." ఇంకెవరు, పెద్దసారే! తాను రిటైరైన రోజు హైమావతి వచ్చి, కొంగుతో నా దుమ్ము తుడిచింది. చీటీ తిప్పి వెనక రాసింది, పైకి చదువుతూ: "గంగామణి, బీడీ కార్మికురాలు." తన పేరు రాసుకోలేదు. అందుకు నాకు ఇంకా కోపమే.

మర్నాడు అటెండరు, చీటీ తిరగబడిందనుకుని సరిచేశాడు. వచ్చేపోయేవాళ్లకు సారు పేరే కనిపిస్తుంది. గంగామణి పేరు నావైపు ఉంది. చదువు రానిదాన్నే. ఆ ఒక్క పేరు మాత్రం నాకు వచ్చు.