ప్రణీత్‌కు సిగ్నల్ అందని ఊరు

ప్రణీత్‌తో కలిసి ప్రాజెక్టు చేయమన్నప్పుడే హేమలతకు ప్రాణం ఉసూరుమంది. ఎంఏ గ్రామీణాభివృద్ధిలో సగం పాఠాలు కాలేజీలో, సగం ఆన్‌లైన్‌లో. కాలేజీలో ఉన్నప్పుడు అతను వెనక బెంచీలో జారగిలబడి, "ఇంట్లో వీడియో చూసుకుంటాలే" అనేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు, "కాలేజీకి పోయినప్పుడు మేడంనే అడుగుతాలే" అనేవాడు. అట్లాగే సెమిస్టరు కరిగిపోయింది.

రైతులు వేరుశనగ మాని కంది ఎందుకు వేస్తున్నారో తెలుసుకోవడం వాళ్లిద్దరి పని. కుందుర్పి వైపు ఊళ్లు హేమలతవి, రాప్తాడు వైపువి ప్రణీత్‌వి. ఆమె ఎండలో తిరిగి, రైతులను మాట్లాడించి, తన వంతు ముగించింది. అతని సంగతి అడిగితే, "మా ఇంటి చుట్టూ అందరూ రైతులే కదా, ఎప్పుడన్నా అడగొచ్చులే. తొందరేముండాది?" అన్నాడు. ఆ నిశ్చింత చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

ఆన్‌లైన్ వైవా రోజున హేమలత ఒక్కతే తెరమీద కనిపించింది. ప్రణీత్ నుంచి మాత్రం మేడంకు మెసేజ్ వచ్చింది: "మా ఊర్లో సిగ్నల్ లేదు మేడం. చాలా ట్రై చేస్తాండా."

ఇంద్రాణి మేడం మెత్తని మనిషి. "పాపం, పల్లెటూరి పిల్లలకు ఇదొక కష్టం. మనమే వెళ్దాం" అని మరునాడు హేమలతను కారెక్కించుకుంది. సిగ్నల్ లేనివాడి మెసేజ్ ఎట్లా వచ్చిందో ఆవిడకు తట్టనందుకు కూడా హేమలతకు చిరాకే.

ప్రణీత్ ఇంటి పక్కనే, వాళ్ల చేనులోనే, సెల్ టవర్ నిలబడి ఉంది. మేడం కారు దిగి దాని కొనదాకా చూసింది.

ప్రణీత్ అవ్వ యశోదమ్మ ఎదురొచ్చింది. "అది మాదే తల్లీ! కంపెనీవాళ్లకు జాగా ఇచ్చినాము. సుట్టుపక్కల ఊర్లన్నీ మా పుణ్యాన్నే ఫోన్లు మాట్లాడతాండాయి."

"ప్రణీత్ ఎక్కడమ్మా?" అంది మేడం.

"యాడుంటాడు, లోపలే. పొద్దన్నుంచి క్లాసులో ఉండాడు. సదివి సదివి సిక్కిపోయినాడు బిడ్డ."

క్లాసులో ఉన్న బిడ్డ మంచం మీద బోర్లాపడి ఫోన్‌లో ఆట ఆడుతున్నాడు. "రేయ్ శశీ, నీ వెనకాలే ఉండాడు, కాల్చు!" అని అరుస్తూ తల తిప్పి, మేడంను చూసి లుంగీ సర్దుకుంటూ లేచాడు.

"ఇప్పుడే వచ్చింది మేడం, సిగ్నల్."

అబద్ధం చెప్పడానికి కూడా ముందుగా సిద్ధపడలేదు వీడు, అనుకుంది హేమలత.

మేడం కుర్చీ లాక్కుంది. ఆమె గొంతులో మెత్తదనం పోయింది. "మంచిది. వైవా ఇక్కడే. కంది ఎందుకు వేస్తున్నారు?"

"అంతా రెడీగా ఉండాది మేడం, టైప్ చేసేదే తరువాయి. ఒక్క వారం ఇయ్యండి."

"నోటితో చెప్పు. కిటికీలోంచి కనిపిస్తున్న మీ చేనులో ఏం వేశారు?"

అతను కిటికీలోంచి చాలాసేపు చూశాడు. "మా నాయనను అడిగి చెప్తా మేడం."

మేడం లేచింది. "నీకు మార్కులు లేవు. వచ్చే ఏడాది జూనియర్లతో కూచుని మళ్లీ చెయ్యి. హేమలతకు విడిగా వేస్తాను."

యశోదమ్మ కంగారుగా మనవడి చేయి పట్టుకుంది. "ఏమైందప్పా?"

"ఏంలేదవ్వా. వచ్చే ఏటికి పోయింది, అంతే."

అతను సిగ్గుపడతాడని హేమలత ఎదురుచూసింది. అతని ముఖం మాత్రం సెలవు దొరికినవాడిలా తేటపడింది. కారు దాకా వచ్చి, దించి ఉన్న అద్దం దగ్గర వంగాడు.

"హేమా, నీ ఫైల్ పంపుతావా? మెల్లగా చూసుకుంటాలే."

"పంపను" అని ఆమె అద్దం పైకెత్తింది.