శుక్రవారం తిరిగే లాంబ్డా

శుక్రవారం పొద్దున ఏడు కాగానే ఖతీజా గారి ఇటలీ కారు షెడ్డులోంచి తనంతట తనే బయటికొచ్చి, అరబ్బుల ఊరు సీబ్‌లో సముద్రం ఒడ్డు దాకా వెళ్లి, తొమ్మిదికల్లా తిరిగొచ్చేది. వీధిలోవాళ్లు దానికి అడ్డం లేకుండా గురువారం సాయంత్రమే తమ బళ్లు పక్కకి పెట్టుకునేవారు. వందేళ్ల నాటి లాన్సియా లాంబ్డా అది. ఖతీజా మామగారు జాంజిబార్ నుంచి ఓడలో తెచ్చారట.

పక్కింటి మనస్వినిది కాకినాడ. ఫిజియోథెరపిస్టు. ముసలివాళ్ల ఇళ్లకెళ్లి వైద్యం చేసే ఉద్యోగం ఇస్తామని దగ్గర్లోని అల్ ఖౌద్‌లో ఒక క్లినిక్‌వాళ్లు అన్నారు, నెలాఖరులోగా డ్రైవింగు లైసెన్సు తెచ్చుకుంటేనే. ఆమె అప్పటికి ఐదుసార్లు టెస్టు తప్పింది. ఊళ్లో కుడివైపు కూర్చుని నేర్చుకున్న మనిషి. ఇక్కడ ఎడమవైపు కూర్చుంటే బండి అవతలి అంచు ఎక్కడుందో అందేది కాదు. టెస్టులో వెనక్కి నడపమంటే, హద్దుగా నిలబెట్టిన ఇనప డ్రమ్ములకి తగిలించేది.

"వచ్చే ఏడాది చూద్దాంలే," అన్నాడు భర్త జయదేవ్.

"అప్పటిదాకా ఆ ఉద్యోగం నాకోసం ఆగుతుందాండీ?" అంది మనస్విని.

సంగతి విన్న ఖతీజా తనకొచ్చిన హిందీలో, "శుక్రవారం మా బండిలో కూర్చో. నేనూ వస్తాను," అంది.

ఆ కాలం బండి కాబట్టి స్టీరింగు కుడివైపే ఉంది. మనస్విని దాని మీద చేతులు ఆనించి కూర్చుంది. బండి బయల్దేరింది. అడుగున వేరే చట్రం లేదు, ఒళ్లంతా ఒకే పెంకులా కట్టారు. ముందు చక్రాలు దేనికది విడిగా లేచి దిగుతాయి. చిన్న గులకరాయి తగిలినా ఏ చక్రం కిందో ఆమె వీపుకి తెలిసిపోయేది. అలా బండి అంచులు ఎక్కడున్నాయో మెల్లగా అందసాగింది.

మూడో శుక్రవారం, చేపల మార్కెట్టు ముందున్న రౌండెబౌట్ దగ్గర బండి నిలబడిపోయింది. స్టీరింగు వదులైంది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఆగిపోయింది ఆంటీ."

"ఆగలేదు. నీకు వదిలేసింది," అంటూ ఖతీజా ఫ్లాస్కులోంచి ఖహ్వా కాఫీ ఒంపుకుంది.

ఇంజను మెల్లగా ఆడుతూనే ఉంది. మనస్విని క్లచ్ తొక్కింది. గేరు గరగరమంటూ పడింది. ఎడమనుంచి వచ్చే బళ్లని పోనిచ్చి, సందు చూసుకుని తిప్పింది. సముద్రం కనబడేదాకా తనే నడిపింది.

ఆరో టెస్టులో ఏ డ్రమ్మూ కదల్లేదు. రోడ్డు మీద కూడా పరీక్షాధికారి ఒక్కసారైనా తనవైపున్న బ్రేకు మీద కాలు పెట్టలేదు.

"ఈసారి ఎవరు నేర్పారు?" అనడిగాడు.

"మా పక్కింటి లాంబ్డా సార్."

"మా అమ్మకీ అదే నేర్పింది," అని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఉద్యోగంలో చేరింది ఆదివారం, ఇక్కడ పనివారం మొదలయ్యే రోజు. మధ్యాహ్నం జయదేవ్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "నేను రానా? పేషెంట్ల ఇళ్లకి తీసుకెళ్లనా?"

"వద్దండీ. రెండో పేషెంటు ఇంటి ముందున్నాను. తర్వాత చేస్తాను," అని మనస్విని సీటుబెల్టు విప్పుకుంది.