మళ్ళీ మొదట్నించి

స్పానిష్ టీచరమ్మది ఒకటే సూత్రం: తప్పు దొర్లితే మళ్ళీ మొదట్నించి చెప్పాలి. చెప్పుల షాపు మేడమీది ఆ గదిలో ముప్పయ్యేళ్ళుగా అదే శాసనం. సగంలో దొరికిపోయినవాళ్ళు ఎంత బతిమాలినా ఆవిడ దగ్గర పప్పులుడకవు.

ఆ ఆదివారం పొద్దున పాఠం 'మాట్లాడు' అనే క్రియ. జరగనివాటిని, జరిగితే బాగుండుననుకునేవాటిని చెప్పేటప్పుడు ఆ భాషలో క్రియకు వేరే వేషం వేస్తారు. నేను మాట్లాడితే, నువ్వు మాట్లాడితే అంటూ మొత్తం ఆరు రూపాలు. కొత్తగా చేరిన దర్జీ ఆవిడ లేచి నిలబడింది. "ఆబ్లారా, ఆబ్లారాస్, ఆబ్లారా" దాకా బండి బాగానే నడిచింది. నాలుగోదాని దగ్గర నత్తి అడ్డుపడింది.

"ఆబ్... ఆబ్..."

"మళ్ళీ మొద..." అనబోయింది టీచరమ్మ.

"ఆగండి మేడమ్, చెప్తోందిగా!" అంది ముందు బెంచీలోని నర్సు.

టీచరమ్మ నోరు మూతపడింది. దర్జీ ఆవిడ ఊపిరి పీల్చుకుని, ఆరూ చెప్పి కూర్చుంది. మహా అయితే ఒక నిమిషం పట్టింది. ఈ నిమిషం తమ్ముడికి ఇవ్వలేకపోయానే అనుకుంది టీచరమ్మ.

తమ్ముడికీ నత్తే. పద్దెనిమిదేళ్ళప్పుడు, హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం కోసం స్పానిష్ నేర్పమని అక్క వెంటపడ్డాడు. ఆవిడ అప్పుడే పాఠాలు మొదలుపెట్టిన కొత్త. ఇదే క్రియ, ఇదే నాలుగో రూపం. వాడు ఆగినప్పుడల్లా మొదట్నించి చెప్పించింది. వారం తిరక్కుండా వాడు "నాకు రాదులే అక్కా" అని పుస్తకం మూసేశాడు. వాడికి వచ్చని ఆవిడకు తెలుసు. అయినా తన పంతులమ్మతనానికి మచ్చ రాకుండా, "వాడి బుర్రకెక్కదు" అని ఇంటిల్లిపాదికీ చెప్పింది. అందరూ నమ్మారు. పాపం, వాడూ నమ్మాడు.

క్లాసు తొందరగా వదిలేసి, రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడి తాళంచెవుల దుకాణానికి వెళ్ళింది.

"ఏం... ఏంటక్కా, తాళం పోయిందా?"

"లేదురా. ఆ స్పానిష్ నీకు బాగానే వచ్చు. నత్తిని తప్పు కింద జమకట్టింది నేనే. రాదని అందరికీ అబద్ధం చెప్పాను."

తమ్ముడు కొత్త తాళంచెవి అంచును ఆకురాయితో రుద్దుతూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"ఆబ్లారా... ఆబ్లారాస్... ఆబ్లారా..."

ఒక్క అక్షరం మరిచిపోలేదు. నాలుగోదాని దగ్గర మాట ఆగింది, చేతిలో ఆకురాయీ ఆగింది. అందించాలని నాలుక దురదపెట్టినా టీచరమ్మ పంటి బిగువున ఓర్చుకుంది.

"ఆబ్... ఆబ్లారామోస్. ఆబ్లారాయిస్. ఆబ్లారాన్."

ఆవిడ కళ్ళు తుడుచుకునేలోపే తమ్ముడు తలెత్తాడు.

"మధ్యలో ఆ... ఆగాను కదా. మళ్ళీ మొదట్నించి చెప్పనా అక్కా?"

ఆ మాటలో వెటకారం ఉంటే బాగుండుననిపించింది ఆవిడకు. లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు.