కంటివైపు ముడి

నేను ఒక రబ్బరు స్టాంపుని. దర్జా వెలగబెట్టే జాతి కాదు నాది. పేరు లేదు, హోదా లేదు. రెండు కళ్ళు, ముక్కు, చెవులు, ఒక ఖాళీ ముఖం. అంతే.

కోర్టు వీధిలో నన్ను చెక్కిన ఖాదర్ నవ్వాడు. "ఇదేం స్టాంపు సిస్టరమ్మా? ఈ బోడిముఖం ఎవరికి?"

"మొహం మీద కేన్సరు పుండు కోసే డాక్టర్లకి. 'కన్ను దగ్గర తీశాం' అని రాసి చేతులు కడుక్కుంటారు. కంటికి ఏ పక్కో నాకు కావాలి," అంది సలోమి సిస్టర్. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఆవిడ చేతిమీద నడిచేది.

వెంట్రుకంత దారంతో కుట్లు వేసే చేతులు, రెండు ముక్కలు రాయమంటే చచ్చుపడతాయి. పెద్ద చదువులవాళ్ళకి వచ్చే జబ్బు అది. డాక్టర్ పట్టాభి కసిరాడు కూడా. "కోసింది నేను. నాకు గుర్తుండదా?" సిస్టర్ కేసు షీటు మీద నన్ను గుద్దింది. నా ముఖం మీద గుర్తు పెట్టేదాకా, కోసిన ముక్క ఉన్న సీసాని ల్యాబుకి కదలనివ్వలేదు.

ఆ ముక్క నూకరత్నానిది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి, కుడికంటి కింద పుండు. పట్టాభి ముక్క అంచుకి ఒకచోట నల్లదారం ముడి వేశాడు. విసుక్కుంటూనే నా మీద సున్నా చుట్టి, "ముడి కంటివైపు" అని రాశాడు. రిపోర్టు రాకముందే ఆయనకి బదిలీ అయింది. ఆ గుర్తుండడమూ ఆయనతోనే బస్సెక్కింది.

రిపోర్టులో ఒకటే మాట: ముడికి ఎదురంచున జబ్బు మిగిలింది. మళ్ళీ కొయ్యాలి. ముడి ఎటుందో తెలియకపోతే చుట్టూ కొయ్యాలి, కింది రెప్పతో సహా.

"రెప్ప పోతే కన్ను మూతపడదంట గదా డాట్రమ్మా! సూదిలో దారం ఎక్కించీది నాను ఈ కంటితోనే," అంది నూకరత్నం, కొత్తగా వచ్చిన డాక్టర్ వకుళ చెయ్యి పట్టుకుని.

వకుళ షీటు తిప్పింది. నా దగ్గర ఆగింది.

"ముడి కంటివైపు వేశారు. అంటే జబ్బు మిగిలింది బుగ్గవైపు. రెప్ప జోలికే పోనక్కర్లేదు."

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "మాం కూడా జాకెట్టు ముక్కకి గుర్తుకుట్టు ఏస్తాం. నేకపోతే మెడకాడ సంక వచ్చేస్తాది!"

సలోమి సిస్టర్ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ముఖం బొమ్మ కంప్యూటర్లో ఉంది. గుర్తు పెట్టందే తెర ముందుకు పోదట. సిస్టర్ మొండితనం దానికీ అబ్బింది. నేను ఎడమచెవి అరిగి, సొరుగులో పడుకున్నాను, జాకెట్టుగుడ్డతో కుట్టిన చిన్న సంచిలో. ఏటా చూపించుకోవడానికి రెండు కళ్ళూ ఆర్పుకుంటూ వచ్చే నూకరత్నమే కుట్టి తెచ్చింది. సంచి ఒక అంచున నల్లదారం ముడి వేసింది. నా తల అటువైపని.