మహేందర్ సచ్చిపోయిన పేజీలు

మహేందర్ పోయిండన్న వార్త తీసేసిన గదా, నా చేతులతోనే తీసేసిన, పైన ఎర్రక్షరాలతో సవరణ అని పెట్టి, సర్వర్ల దాచుకున్న కాపీ కూడా చెరిపిన, నా ఫోన్‌ల మంచిగనే కనపడ్డది, మరి ఈ ఏసమ్మ పాలకీడు నుంచి మళ్లా ఎందుకు ఫోన్ చేస్తున్నది, దీవెనా, బిడ్డా, మీ వార్తల్ల నా కొడుకు ఇంకా సచ్చే ఉన్నడు, ఆడేమో గీడ నా ముందల కూసోని అన్నం తింటున్నడు, సుట్టాలు ఏడ్సుకుంట వస్తున్నరు, ఏం జెప్పాలె వాళ్లకు అంటున్నది, ఆమె వెనుక ఎవరో దగ్గుతున్నరు, మహేందరే అయి ఉంటడు, పోయిండని నేను మా వార్తల సైట్ల ఎక్కించిన మనిషి దగ్గు, మిర్యాలగూడ ఆఫీసుల కూసోని వింటున్న.

మహేందర్ తన మోటర్‌సైకిల్ ఎప్పుడో సూర్యాపేటల అమ్మేసిండట, కాగితాలల్ల పేరు మారలేదు, కోదాడ దగ్గర హైవే మీద ఆ బండిని లారీ గుద్దింది, బండి మీదున్నాయన మొహం గుర్తుపట్టేటట్టు లేదు, నంబరును బట్టి పోలీసులు మహేందర్ పేరు చెప్పిన్రు, మా రిపోర్టర్ ఫకీరా అదే రాసి ఫొటో కూడా సంపాదించి పంపిండు, అమ్మా, నీకొచ్చిన లింకు జర నాకు పంపు అన్న, పంపింది, తెరిస్తే అదే మహేందర్, కింద దుర్మరణం, లింకు అడ్రస్ చివర ప్రశ్న గుర్తు, దాని వెనుక అక్షరాలు, అంకెల పొడుగు తోక, ఎవరు ఎక్కడి నుంచి నొక్కిన్రో తెల్వడానికి ఫేస్‌బుక్ తగిలించే తోక, తోక మారినప్పుడల్లా మా సర్వర్ ఇది వేరే పేజీ అనుకొని ఇంకో కాపీ దాస్తున్నది, నేను చెరిపింది తోక లేనిది ఒక్కటే, మిగిలినవాటిల్ల ఒక్కోదాంట్ల ఒక్కో మహేందర్, అందరూ సచ్చినోళ్లే, నన్నే చూస్తున్నరు.

కోసెయ్యాలె, ఈ ఆరా తీసే తోకలన్నీ తీసేసినంకనే మా సర్వర్ ఆ లింకు అడ్రస్‌ను చూడాలె, ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే పేజీ, ఒకటే కాపీ, రూలు రాసిన, పాతవన్నీ ఖతం చేసిన, ఏసమ్మ పంపిన లింకే నొక్కిన, బతికే ఉన్నడు, తోక మార్చి నొక్కిన, బతికే ఉన్నడు, అమ్మా, ఇప్పుడు సూడు అన్న, కొడుకుతోనే చదివించుకున్నది, సల్లగుండు బిడ్డా అన్నది, కానీ ఫోన్ పెట్టెయ్యలేదు.

మరి ఆ బండి మీద పోయినాయన ఎవలు బిడ్డా, ఆయనకు గూడ తల్లి ఉంటది గద, అంటున్నది, నేను స్క్రీన్ దిక్కు చూస్తున్న, మహేందర్ క్షేమం అని ఉన్నది, ఆయన గురించి ఒక్క ముక్క లేదు, ఫకీరా అడగలేదు, నేనూ అడగలేదు, కోదాడ దవాఖానల పేరు లేకుంట పండుకొని ఉన్నడేమో, ఏ ఊళ్లనో ఒకామె ఫోన్ చేసి చేసి ఎత్తుతలేడని పరేషాన్ అయితుంటదేమో, మేం దాచిన అన్ని కాపీలల్ల ఒక్కటి కూడా ఆయన సావు గురించి చెప్పలేదు.