గౌరవ్వ గాంధారం

గౌరవ్వ గొంతు పోయిందని మొదట అన్నది పక్కింటి రామవ్వేనట. ఎల్లారెడ్డిలో బీడీలు అప్పజెప్పే కార్ఖానా దగ్గర వరుసలో నిలబడి, "పాటల ఒక్క తాన గొంతు జారుతున్నది, పాపం, వయసు మీద పడె గదా" అని ఎవరి చెవిలోనో వేసిందట. విన్నవాళ్లు విన్నంతే చెప్పి ఊరుకుంటే ఆ మాటకు రుచేముంటుంది? ఊరు దాటేసరికి గౌరవ్వ గొంతులో గడ్డ మొలిచింది. కామారెడ్డి బస్సు ఎక్కి దిగేసరికి ఆ గడ్డకు ఆపరేషన్ కూడా అయిపోయింది. అక్కడి నిజాంసాగర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్న సంపత్‌ను ఒకాయన ఆపి, "మీ మేనత్తను ఏ దవాఖానల చేర్పించిండ్రు?" అని అడిగాడు.

సంపత్ పెండ్లిళ్ల బ్యాండులో కీబోర్డు వాయిస్తాడు. ముహూర్తాలు లేని రోజుల్లో జానపద పాటలు రికార్డు చేసే చిన్న గది నడుపుతాడు. భయపడి గౌరవ్వకు ఫోన్ చేస్తే ఆమె మామూలుగానే ఎత్తింది.

"నా గొంతుకేం గాలె అల్లుడా. నీ పెట్టెనే నన్ను ఎక్కిరిస్తున్నది."

పెట్టె అంటే సంపత్ ఇచ్చిన పాత కీబోర్డు. ఊళ్లో ఆడవాళ్ల భజన మండలికి ముప్పై ఏళ్లుగా బాలయ్య హార్మోనియం వాయించేవాడు. పోయిన వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చి హార్మోనియం నానిపోయింది. గాలి తిత్తి కుళ్లింది, చెక్క ఉబ్బింది. బాగు చేసేవాళ్లు దొరకలేదు. ఉగాదికి సంపత్ ఈ కీబోర్డు తెచ్చి బాలయ్య ముందు పెట్టాడు. అప్పటి నుంచే గౌరవ్వ గొంతు జారడం మొదలైంది. తొలి ఏకాదశికి ఏకాహం ఉంది, ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా భజన. ఆలోపు ఆమె సర్దుకోకపోతే నవతే ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకుంటుందని మండలి వాళ్లు తేల్చారు. నవత కొత్త కోడలు, డిగ్రీ చదివింది, గొంతు గంటలా ఉంటుంది.

"నవత పాడితె నాకేం కడుపుమంట లేదు. కని వెనుక వరుసల కూసోని తాళం కొట్టుడు నాతోని గాదు. నేనింక పోనే పోను" అని ఫోన్ పెట్టేసింది గౌరవ్వ.

సంపత్ మరునాడే బండి తీశాడు. ఆషాఢం గనక పెండ్లిళ్లు లేవు. ఒక్కసారి వింటానని అత్తను బతిమాలి మండలికి తీసుకుపోయాడు. మండలి వాళ్లు మధ్యాహ్నం బీడీ చాటలు పక్కన పెట్టి పాడుతుంటే గోడకు ఆనుకుని విన్నాడు. దేవుణ్ని రమ్మని పిలిచే పాట. "రావయ్యా" అన్నప్పుడు గౌరవ్వ గాంధారం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడాలి. అక్కడే ఆమె గొంతు ఒక దారి, కీబోర్డు ఒక దారి అయ్యాయి. తక్కిన పాటంతా నూనె పోసినట్టు సాగింది. అరిగిపోయిన గొంతయితే అంతటా అరగాలి గదా, ఒక్క స్వరం దగ్గరే ఎందుకు అరుగుతుంది? సంపత్‌కు ఆ ప్రశ్న పట్టుకుంది.

నాలుగేళ్ల కింద మండలి వాళ్లు పోచారం ప్రాజెక్టుకు పోయినప్పుడు కట్ట మీద కూర్చుని పాడిన వీడియో నవత ఫోన్లో దొరికింది. అందులో బాలయ్య హార్మోనియం ఉంది. సంపత్ దాన్ని కామారెడ్డి తీసుకుపోయి ఒక్కో స్వరాన్నీ కొలిచాడు. అతని కంప్యూటర్లో, కీబోర్డు మెట్ల మధ్య ఇరుక్కునే స్వరాలను పలికించడానికి ఎవరో తయారు చేసిన సాఫ్ట్‌వేర్ ఉంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు పాళ్లు చేసి, ఏ స్వరాన్నయినా కావలసినన్ని పాళ్లు ఎక్కించవచ్చు, దించవచ్చు. కొలిస్తే హార్మోనియంలో అన్ని స్వరాలూ దాదాపు సరిగానే ఉన్నాయి. గాంధారం మాత్రం పద్దెనిమిది పాళ్లు కిందికి ఉంది.

దొంగ దొరికాడనుకున్నాడు సంపత్. ఊరికి వచ్చి కీబోర్డును తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, గాంధారం పద్దెనిమిది పాళ్లు దించాడు. గౌరవ్వ "రావయ్యా" అని ఎత్తుకుంది. మొదలు బాగా కుదిరింది. నాలుగు తాళాలు గడిచేసరికి మళ్లీ ఎడం వచ్చింది.

"సగం రోగం తగ్గింది" అంది రామవ్వ.

సంపత్ మళ్లీ వీడియో దగ్గర కూర్చున్నాడు. ఈసారి స్వరం మొదలును మాత్రమే కాకుండా, అది మోగినంతసేపూ చూశాడు. బాలయ్య తిత్తి గట్టిగా ఒత్తినకొద్దీ ఆ గాంధారం ఇంకా దిగుతోంది. ఊపిరి చివరికి వచ్చేసరికి ముప్పై పాళ్లు. గౌరవ్వ గొంతు కూడా దానితోనే దిగుతోంది. ఎవరు ముందు దిగారో, ఎవరు వెంట పోయారో, పాటను ఎంత సాగదీసి విన్నా తేలలేదు.

అంటే మెట్టు నొక్కకముందు శ్రుతి మారిస్తే చాలదు. మోగుతున్న స్వరాన్నే మోగుతుండగా కదపాలి. కీబోర్డు ఎడమ పక్కన చిన్న చక్రం ఉంటుంది, తిప్పితే స్వరం వంగుతుంది. మండలిలో తిప్పి చూపించాడు. గాంధారంతో పాటు శ్రుతి పట్టిన షడ్జమమూ పంచమమూ కూడా కిందికి జారాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"పెట్టెకు గుడ చక్కరొస్తున్నది" అంది నవత.

ఒకే పలుపుకు మూడు బర్రెలను కడితే ఒకదాన్ని గుంజినా మూడూ వస్తాయి. సంపత్ ఆ తర్వాత రెండు రోజులు తన గదిలోంచి బయటికి రాలేదు. ఒక్కో స్వరానికి ఒక్కో దారి విడిగా ఇచ్చాడు. చక్రం తిప్పితే ఆ కబురు గాంధారానికి మాత్రమే పోయేట్టు, తక్కినవి ఉన్నచోటే నిలిచేట్టు చేశాడు. ఎంత వేగంగా దించాలన్నది కంప్యూటర్‌కు వదలలేదు. గౌరవ్వ ఊపిరి ఒకసారి ఉన్నంత ఇంకోసారి ఉండదు. ఇన్ని నెలలుగా బాలయ్య కుడిచేత్తో మెట్లు నొక్కుతుంటే, తిత్తి ఒత్తిన ఎడమచెయ్యి పని లేక మోకాలి మీద పడి ఉంటోంది. సంపత్ ఊరికి తిరిగొచ్చి ఆ చెయ్యిని చక్రం మీద పెట్టాడు.

"తిత్తి ఒత్తినట్టే అనుకో మామా."

గౌరవ్వ ఎత్తుకుంది. "రావయ్యా" మీద నిలబడింది. బాలయ్య వేలు కదిలింది. షడ్జమం బండరాయిలా ఉన్నచోటే ఉంది. గాంధారం మాత్రం ఆమె గొంతుతో పాటు మెల్లగా దిగింది, ఎక్కడా అతుకు కనిపించలేదు. చరణం అయిపోయాక తాళాలు కొట్టేవాళ్లు కొట్టడం మరిచి కూర్చున్నారు. ముందుగా నవతే లేచి తన చాప వెనక్కి జరుపుకుంది.

సంపత్‌కు సంతోషం ఆగలేదు. "చూసిండ్రా? అత్త గొంతు మంచిగనే ఉన్నది. బాలయ్య మామ పెట్టెలనే ఒక రీడు, గా మోగే రేకు, ఖరాబుండె. ముప్పై ఏండ్లు దానికి అలవాటు పడి అత్త గట్ల పాడుతున్నది, గంతే."

"నా పెట్టెకు పేరు పెట్టకు" అన్నాడు బాలయ్య.

"కొలిచిన మామా. పద్దెనిమిది పాళ్లు తక్కువున్నది."

"ఉంటది. నేనే గీకిన. రీడు మొదట్ల గీకితె దిగుతది, కొసకు గీకితె ఎక్కుతది. మొదట్ల గీకిన." బాలయ్య చక్రం మీది నుంచి చెయ్యి తీసుకున్నాడు. "గౌరవ్వ ఈ ఊరికి కొత్తగ వచ్చిన ఏడు. గా తావు రాంగనే కిందికి వోతుండె. పెట్టె ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. చెప్తె చిన్నబోతది. గందుకే మూడు రోజులు కూసోని, ఆమె గొంతుకు తగ్గట్టు గీకిన. పల్చగయ్యె, గట్టిగ ఒత్తితె ఇంక జర దిగుడు మొదలువెట్టె. గదీ ఆమెకు సరిపోయె."

గౌరవ్వ బాలయ్య వైపు చూసింది. ఈ సంగతి ఆమెకు ముందే తెలుసో తెలియదో ఆ మొహం చూసి సంపత్ పోల్చుకోలేకపోయాడు. నవత చాప మీద సగం కూర్చుని సగం లేచి ఉంది.

రామవ్వ గొంతు సవరించుకుంది. "అంటె మొదటిసంది తప్పు గౌరవ్వదే అన్నట్టా మరి?"

గౌరవ్వ ఆమె వైపు తిరిగింది.

"గింతమందిమి కూసున్నం గదా. నేను ఎట్లెత్తుకుంటె గట్లనే మీరందరు అందుకున్నరు, గంత కిందికే వొయిండ్రు. తప్పని గిన్నేండ్లల ఒక్కలకన్న తెలిసిందా?"

బాలయ్య ఎడమచెయ్యి తెచ్చి మళ్లీ చక్రం మీద పెట్టుకున్నాడు.